పొదుగు దగ్గర పెన్సిల్ కట్

నా చిన్నప్పుడు పుంగనూరు సంతలో ఒక ఆవు శీలాన్నీ, ఒక ఇంటి పరువునూ కాపాడటానికి మా తాత చేసిన మహాత్యాగాన్ని ఇప్పుడు కాండలు కాండలుగా వర్ణించబోతున్నాను. అంటే, అంత లేదు. మా చిన్నాయన ప్యాంటు బిగుతయింది. జరిగింది అంతే.

అయినా రాస్తున్నాను. ఎందుకంటే ఇప్పుడు మదనపల్లె బట్టల అంగళ్ళలో ఏ బొమ్మకు చూసినా లూజు ప్యాంటే. ఒక్కో కాల్లో ఇద్దరు దూరవచ్చు. మొన్నటిదాకా ఇదే అంగళ్ళవాళ్ళు బిగుతుగా ఉంటేనే అందమన్నారు. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మడం లేదు. నా అనుమానం పుట్టింది ఆ సంతలోనే.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మాది చౌడేపల్లె దగ్గర చిన్న పల్లె. ఆ ఏడు వానలు లేక మేత దొరకలేదు. ఉన్న రెండు ఆవుల్లో ఒకదాన్ని, మేత ఉన్న ఇంటికి అమ్మేద్దామన్నాడు తాత. ఆయనకు మోకాళ్ళు వంగవు కాబట్టి ఇంట్లో పాలు పిండేది చిన్నాయనే. సంతలో పిండి చూపించడానికి ఆయన, దూడను పట్టుకోవడానికి నేను, బేరానికి తాత బయలుదేరాం.

చిన్నాయన రోజూ లుంగీతోనే పిండేవాడు. ఆ రోజు మాత్రం మదనపల్లెలో కుట్టించిన పెన్సిల్ కట్ ప్యాంటు వేసుకున్నాడు. సంతకు వచ్చేవాళ్ళలో సగం మంది దాన్ని చూడటానికే వస్తారని ఆయన నమ్మకం. అది తొడుక్కోవడానికి ఆయనకు పట్టినంత సేపట్లో మా అవ్వ వంట ముగించింది.

సంతలో పాలావును ఎవరూ ముఖం చూసి కొనరు. ఎదురుగా పిండి చూపించాలి. సదుం నుంచి వచ్చిన ఒక రైతు మా ఆవు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. పళ్ళు చూశాడు, తోక ఎత్తి చూశాడు, మమ్మల్ని కూడా అదే చూపు చూశాడు.

"ఏదీ, పిండప్పా సూస్తాం" అన్నాడు.

నేను దూడను పొదుగుకు వదిలి, ఆవు చేపి పాలు దిగగానే దాన్ని పక్కకు లాగాను. చిన్నాయన చెంబు పట్టుకుని గొంతుకూర్చోబోయాడు. సగం వంగాడో లేదో వెనక కుట్టు పటుక్కుమంది. ఒక్క ఎగురు ఎగిరి, చెయ్యి వెనక్కి పెట్టుకుని, రెండు గజాల అవతల నిలబడ్డాడు.

ఆ చప్పుడు వెనకనున్న నాకు వినిపించింది. ముందున్నవాళ్ళకు ఎగరడం మాత్రమే కనిపించింది.

"తంతాది" అన్నాడు సదుం రైతు, చాలా సంతోషంగా.

"తన్నదప్పా, బంగారట్లా ఆవు" అన్నాడు తాత.

"మరి ఆ పిలగాడు యాల ఎగిరె?"

చిన్నాయన వెనక పెట్టిన చెయ్యి తియ్యలేదు. ప్యాంటు సంగతి చెప్పడం కంటే నేరం ఆవు మీదికి పోవడమే ఆయనకు సులువనిపించింది.

"పోనీ, నువ్వే పిండి సూసుకో" అన్నాడు తాత.

"తన్నించుకునేదానికా నేను సదుం నుంచి వచ్చింది?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వుతూనే ఒక అడుగు వెనక్కి వేశారు.

తాత ముఖం మారింది. తన్నే ఆవని సంతలో పేరు పడితే సాకేవాళ్ళెవరూ కొనరు. కొనేవాళ్ళు వేరే ఉంటారు. వాళ్ళకు అది తన్నినా ఒకటే, తన్నకపోయినా ఒకటే. అంతమాత్రం నాకూ తెలుసు. దూడను గట్టిగా పట్టుకున్నాను.

తాత చిన్నాయనను పక్కకు పిలిచి, వెనక్కి తిప్పి చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నడి సంతలో, తాను కట్టుకున్న పంచ విప్పి కొడుకు చేతిలో పెట్టి, నిలువు చారల డ్రాయరుతో నిలబడ్డాడు.

"నాయనా, అందరూ సూస్తాండారు."

"నన్ను గదరా సూసేది, ఆవును గాదు గదా. బిన్నె కట్టుకో."

పంచ చుట్టుకున్నాక లోపలి ప్యాంటు ఊడదీయడం ఒక్కడివల్ల కాలేదు. నేను దూడను కట్టేసి వచ్చాను. ఒక కాలు తాత లాగాడు, ఒక కాలు నేను.

సదుం రైతుకు ఇప్పుడు కొత్త అనుమానం. "పెద్దాయప్పా, నువ్వు యాల ఇప్పినావు? ఇందులో ఏందో ఉండాది."

"గాలాడాలని" అన్నాడు తాత.

చిన్నాయన పొదుగు పక్కన హాయిగా కూర్చున్నాడు. చెంబు నురగతో నిండింది. ఆవు ఈగలను తోలుకోవడానికి తోక ఆడించింది తప్ప కాలు కదపలేదు. రైతు నమ్మలేదు. తనే కూర్చుని నాలుగు ధారలు పిండాడు. అప్పుడూ నమ్మలేదు గానీ, ఇంకేం అడగాలో తోచక తన తాడు తెచ్చి ఆవు మెడకు కట్టాడు. దూడనూ తోలుకుపోయాడు.

పంచ తాతకు తిరిగిచ్చేసి, చిన్నాయన ఆ చినిగిన ప్యాంటుతోనే ఊరిదాకా బస్సులో నిలబడి వచ్చాడు. సీట్లు ఖాళీగానే ఉన్నాయి. దారిలో ఒక్కసారి మాత్రం, "ఆవు ఏం సేసింది పాపం" అన్నాడు.

ఈ రోజుకీ ఎవరైనా దేని దగ్గరనుంచైనా ఎగిరి పక్కకు దూకితే, దాన్ని తిట్టేముందు దూకినవాణ్ణి ఒకసారి వెనక నుంచి చూస్తాను. చాలాసార్లు కుట్టు అక్కడే తెగి ఉంటుంది. ఇక ఏ ప్యాంటైనా ట్రయల్ రూములో గొంతుకూర్చుని లేచిగానీ కొనను. మొన్న పనిమీద కుప్పం పోయినప్పుడు, తలుపు కింది సందులోంచి నన్ను గమనించిన అంగడతను, "ఏం పోయిండాది సార్, నేనూ ఎతకాల్నా?" అని అడిగాడు.

లూజు ప్యాంటు ఆ పరీక్షలో గెలిచింది. కొన్నాను. దానికి బెల్టు విడిగా కొనుక్కోవాలి.