గీత ఉన్న వైపు

మా చిన్నాయన చేతిలో రూపాయి బిళ్ళ పెడితే నేరుగా జేబులో వేసుకునేవాడు కాదు. ఎండకు వాల్చి చూసి, బొటనవేలి గోటితో తడిమేవాడు. గ్రహణమొర్రితో పుట్టిన మనిషి. మీసం పెంచి పెదవి కప్పుకోమని ఎందరు చెప్పినా, రోజూ నున్నగా గీసుకునేవాడు.

ఒకసారి మేమిద్దరం కదిరి బస్టాండులో టీ తాగబోతే, కొట్టాయన చిన్నాయన ఇచ్చిన బిళ్ళను వెనక్కి నెట్టాడు. దాని మీద సింహాల నుంచి అంచుదాకా సన్నని గీత ఉంది.

“ఇది చెల్లదన్నా. ఎవరో గీకినారు.”

“గోరు పెట్టి చూడప్పా. గీత పైకి లేసిందా, లోపలికి పోయిందా?”

“పైకే ఉండాది.”

“గీకింటే లోపలికి పోతాది. బిళ్ళను కొట్టే అచ్చు పగిలితేనే ఇట్ల పైకి లేస్తాది. పుట్టుకతో వచ్చిన గీత ఇది. ఎందుకు చెల్లదు?”

“నాకెందుకన్నా ఆ పురాణం? టీ ఊరికే తాగి పో.”

“ఊరికే తాగేదానికి రాలేదు నేను.”

జేబులో వేరే బిళ్ళలున్నాయి. అయినా తీయలేదు. టీ అక్కడే వదిలేసి, బిళ్ళ తీసుకుని బస్సెక్కాడు. ఆ తర్వాత దాన్ని ఎవరికీ ఇవ్వలేదు.

మొన్న వేసవిలో చిన్నాయన పోయాడు. నుదుటిన రూపాయి పెట్టే వేళకు ఆయన చొక్కా జేబులోంచి ఆ బిళ్ళే తీశాను. వరసకు పెద్దనాయన అయ్యే ఒకాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఏమప్పా, పోయేటప్పుడన్నా మంచి బిళ్ళ పెట్టకూడదా?”

“గోరు పెట్టి చూడు పెద్దనాయనా. గీత పైకే ఉండాది.”

ఆయన చూడలేదు. నా చెయ్యి మాత్రం వదిలాడు.

చిన్నాయన నుదుటి మీద బిళ్ళ పెట్టాను. గీత ఉన్న వైపే పైకి పెట్టాను.