పిన్ని చంపిన కార్డు

మా పిన్నికి ఏ వస్తువైనా బాగా పనిచేస్తోందంటే మనసు మనసులో ఉండదు. అది చెడిపోయేదాకా వెంటపడుతుంది. చెడిపోయాక గానీ ఆవిడ ముఖం విప్పారదు. ఫ్యాన్ల కంపెనీ పరీక్షల విభాగంలో రిటైరైన మనిషి. కొత్త కుర్చీ వస్తే ముందు ఆవిడ దాని మీద ఎగిరి కూర్చోవాలి. గొడుగు కొంటే కుళాయి కింద పట్టాలి. అది కారిందంటే, "చూశావా, వానలో తడవకముందే తెలిసిపోయింది!" అని పొంగిపోతుంది.

"నన్నూ ఇలాగే పరీక్షించి చేసుకుంది. పెళ్ళికి ముందు సినిమాకి రమ్మని, తను రాలేదు" అనేవాడు బాబాయి.

"కోపం వస్తుందో రాదో చూద్దామని."

"వచ్చిందిగా!"

"వచ్చింది గనకే చేసుకున్నా. అసలు కోపమే రాని మనిషిని ఎలా నమ్మడం?"

ఆ బాబాయికి కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడే జబ్బు వచ్చింది. ముందు కాళ్ళు, తర్వాత చేతులు, ఆఖరికి ఊపిరి. వెనక గదిలో మంచం, పక్కన ఊపిరి ఆడించే యంత్రం. గొట్టం ఊడితే వంటింట్లో గంట మోగాలి. ఆ కబురు మోసేది యంత్రంలోని చిన్న వైర్‌లెస్ కార్డు.

ఒకరోజు గంట మోగలేదు. పిన్ని దుప్పటి మార్చడానికి వెళ్ళేసరికి గొట్టం ఊడిపోయి ఉంది. బాబాయి పెదవులు నల్లబడ్డాయి. కబురు మోయని ఆ కార్డు మీద పచ్చలైటు మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది. బాబాయి ఎలాగో బతికాడు. ఆ రోజు నుంచి పిన్ని కూరలు తరగడం కూడా ఆ గదిలోనే. వంట పక్కవీధిలో ఉండే నా మెడకు చుట్టుకుంది.

కార్డు చేసిన కంపెనీ, "అది పాత మోడల్, మేమేం చేయలేం" అంది. పిన్ని వెతికి వెతికి ఒకాయన్ని పట్టుకుంది. కార్డు లోపల నడిచే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాంను ఆయన కొత్తగా రాసి, ఎవరైనా చూసి దిద్దుకునేలా నెట్‌లో ఉచితంగా పెట్టాడు.

"దాన్ని ఇంకా గట్టిగా పరీక్షించలేదమ్మా" అన్నాడాయన ఫోన్‌లో, పాపం, ఎవరితో అంటున్నాడో తెలియక.

పిన్ని అలాంటిదే ఇంకో కార్డు తెచ్చి, భోజనాల బల్ల మీద పాత కంప్యూటర్‌కు తగిలించింది. తరంగాలకు అడ్డం పడాలని తన మైక్రోవేవ్ ఓవెను, పక్కింటివాళ్ళదీ చెరోపక్క పెట్టి తిప్పింది. కార్డుకు తడి తువ్వాళ్ళు కప్పింది. హెయిర్ డ్రయ్యర్‌తో కాల్చింది. నెట్‌వర్క్ తెగడం, మళ్ళీ కలవడం, మోయలేనంత డేటా మోయడం, విరామం లేకుండా చేయించింది.

పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది. "మా టీవీలో బొమ్మ ఆగిపోయిందండీ!"

"మీది ఆగిందా? మాది ఇంకా ఆగలేదు" అంది పిన్ని దిగులుగా.

ఆగిన రోజు మాత్రం పండగే. "చచ్చింది బాబూ! శుభ్రంగా చచ్చింది!" అని ప్రోగ్రాం రాసినాయనకు ఫోన్. అవతల నిట్టూర్పు. ఆయన దిద్దేవాడు, ఈవిడ మళ్ళీ చంపేది.

యంత్రం ఊపిరి వదిలినప్పుడల్లా ఒక్కో ముక్క కూడదీసుకుని బాబాయి అడిగాడు. "నీకు... నేను బతకాలనా... అది చావాలనా?"

"అది ఇక్కడే చావాలి. నీ దగ్గర చావకూడదు" అని, ఆయన మూతి తుడిచి వచ్చేసింది.

చివరికి ఆ కార్డు ఎంత హింసించినా చావలేదు. అప్పుడు గానీ కొత్త ప్రోగ్రాంను బాబాయి యంత్రంలోకి ఎక్కించలేదు. తర్వాత గంట మోగవలసిన ప్రతిసారీ మోగింది. కానీ ఊపిరితిత్తుల్లో చేరిన జబ్బుకు గంటతో పనేముంది? ఆసుపత్రిలో చేర్చాం, అక్కడే బాబాయి పోయాడు.

బంధువులు వెళ్ళారో లేదో పిన్ని ఓవెన్లు మళ్ళీ బల్లెక్కాయి. "మతి చలించింది" అన్నారు అందరూ. నాకూ భయమేసి వెళ్ళాను.

"పిన్నీ, ఇంకెవరి కోసం?"

"ఆసుపత్రిలో పక్క మంచం మీద టీచరమ్మ లేదూ? ఆవిడకూ ఇదే యంత్రం ఇచ్చి ఇంటికి పంపారే. వాళ్ళాయన దాన్ని నమ్మలేక కళ్ళు మూయడట, రాత్రీ లేదు పగలూ లేదు. కొత్త ప్రోగ్రాం ఎక్కించిన కార్డు పంపా. కానీ వాళ్ళది పెద్ద అపార్ట్‌మెంటు, చుట్టూ బోలెడు నెట్‌వర్కులు. ఆ రద్దీలో ఆగుతుందేమో చూడాలి. 'నువ్వు పడుకో నాయనా, నేనిక్కడ చంపుతూ ఉంటా' అని చెప్పా."

మా ఇంటి ఫోన్లన్నీ తెచ్చి బల్ల చుట్టూ అలాంటి రద్దీయే చేశాను. చాలాసార్లు చచ్చింది, చాలాసార్లు దిద్దారు.

ఒక మధ్యాహ్నం టీచరమ్మ ఫోన్ చేసింది. యంత్రం మధ్యలో ఊపిరి పీల్చుకుంటూ మాట్లాడింది. "పిన్నిగారూ... గంట బాగానే ఉంది... ఈయనతోనే చస్తున్నా."

"ఏమైందమ్మా?"

"కుర్చీలో... ఒకటే గురక... యంత్రం చప్పుడు కూడా... వినిపించట్లేదు. దీనికేమైనా... చేయగలరా?"

"నా వల్ల కాదు తల్లీ. ఏదీ, ఫోన్ అటు పెట్టించు" అంది పిన్ని.

గురక నాదాకా వినిపించింది. పిన్ని కుర్చీలో వెనక్కి వాలి, పాట వింటున్నట్టు వింటూ ఉండిపోయింది.