తాళంచెవికి బదులు బాతు

లిబుషె ముప్పయ్యేళ్ళు బడి వంటశాలలో గరిటె తిప్పిన మనిషి. ఉప్పును ఉప్పనీ, పప్పును పప్పనీ అనడమే ఆమెకు తెలుసు. అలాంటి మనిషికి దొరికిన మొగుడు ఓతకార్. ఎవరో ఎక్కడో దాచిన డబ్బాలను ఫోను చూసుకుంటూ వెతికి పట్టుకునే పిచ్చి అతనికి. డబ్బా దొరికితే "వేటాడాను" అంటాడు. దొరక్కపోతే ఏవో మూడు ఇంగ్లీషు అక్షరాలు గొణుక్కుని ముఖం వేలాడేసుకుంటాడు. ఈ పిచ్చి ఉన్నవాళ్ళు తమను తాము మగబాతులని చెప్పుకుంటారు. లేనివాళ్ళంతా ముడ్లలు, అంటే ఏమీ తెలియని బయటివాళ్ళు. ఇన్నేళ్ళు కాపురం చేసి, మూడు పూటలా వండి పెడుతున్న పెళ్ళాం కూడా ముడ్లే! ఆ మాట వింటే చాలు, లిబుషెకు ఒళ్ళు మండేది.

మే నెలలో ఆ డబ్బాల కోసమే ఒక కొండరాయి ఎక్కి జారిపడ్డాడు ఓతకార్. తొడదాకా పిండికట్టు వేశారు. మేడ మీద కిటికీ పక్కన మంచం, మెట్లు దిగే యోగం లేదు. పోనీలే, ఇప్పుడైనా ఇంటిపట్టున పడి ఉంటాడు అనుకుందామె. ఎక్కడ! ఈసారి వాళ్ళ కంచె దగ్గరే ఎవరెవరో తచ్చాడటం మొదలుపెట్టారు. ఎప్పుడు బయటికొచ్చినా ఒకడు వంగి బూటు తాళ్ళు కట్టుకుంటూ కనిపిస్తాడు. ఊళ్ళో బూట్లన్నీ తన ఇంటి ముందే ఊడిపోతున్నాయా ఏమిటి? దొంగలేమోనన్న భయంతో ఆమె కింది కిటికీలన్నిటికీ ఇనుప ఊచలు బిగించింది.

ఆ శనివారం పొయ్యి మీద గులాష్ మాంసం కూర పెట్టి, బ్రెడ్డు కోసం వీధి చివరి కొట్టుకు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి గాలికి తలుపు మూసుకుపోయి ఉంది. ఆ తలుపు పడిందంటే బయటినుంచి తాళంచెవితో తప్ప తెరుచుకోదు. ఆ తాళంచెవేమో లోపల కొక్కేనికి వేలాడుతోంది. అయినా ఆమె కంగారు పడలేదు. కంచె రెండో స్తంభం వెనక, పుదీనా బిళ్ళల డబ్బాలో ఇంకో తాళంచెవి దాచి ఉంచింది మరి. తీసి మూత తెరిచింది.

లోపల పచ్చటి ప్లాస్టిక్ బాతు.

"ఓతా! ఓ ఓతా! నా తాళంచెవి ఏదీ? ఈ బాతేంటి ఇక్కడ?"

కిటికీలోంచి ఓతకార్ తల బయటికి పెట్టాడు. "ఏ డబ్బాలోదే?"

"ఏ డబ్బా ఏంటి? మన కంచెలో ఎన్ని డబ్బాలున్నాయి?"

ఓతకార్ తల సగం లోపలికి లాక్కున్నాడు. అలా లాక్కున్నాడంటే ఏమిటో లిబుషెకు పెళ్ళయిన కొత్తలోనే తెలిసిపోయింది.

"ఉత్తరాల పెట్టె కింద... చిన్నదే ఒకటుంది," అన్నాడు చివరికి. "పక్కింటాయన చేత పెట్టించా. వెతకడానికొచ్చినవాళ్ళెవరో దాన్ని వదిలేసి నీదాన్ని తెరిచినట్టున్నారు." ఫోను తీసి వాళ్ళు రాసింది చదివాడు. "'దొరికింది. తాళంచెవి తీసుకుని బాతును పెట్టాం.' డబ్బాలోంచి ఒకటి తీసుకుంటే ఇంకోటి పెట్టాలి లిబుషె, అది మర్యాద."

"నా గుమ్మం తాళంచెవి ఎత్తుకుపోయి బాతును పెట్టడం మర్యాదా? నీ మర్యాద తగలెయ్య!"

"తగలెయ్యడం కాదు గానీ," అతని గొంతు మారింది, "ఏదో మాడుతోందే. పొగ మెట్లమీదికి వస్తోంది."

లిబుషె కోపం ఎటు పోయిందో పోయింది. వంటింటి కిటికీ దగ్గరికి పరుగెత్తింది. ఊచలు. పక్కగది కిటికీకీ ఊచలే. పైనున్న మనిషి కాలు కదపలేడు. "ఫోన్ చెయ్యి వాళ్ళకి! కిటికీ అంతా తెరుచుకో! ఓతా, నువ్వు లేవకు, నీకు దణ్ణం పెడతా లేవకు!" అంటూ రెండు చేతులతో తలుపు బాదుతూనే ఉంది.

ఓతకార్ ఫోనులో పంపిన కబురు చూసి, స్టేషను దగ్గర బీరు తాగుతున్న కుర్రాడూ పిల్లా ఆ తాళంచెవి పట్టుకుని రొప్పుతూ పరుగెత్తుకొచ్చారు.

"క్షమించండమ్మా, డబ్బాలో ఉంటే బహుమతి అనుకున్నాం..."

ఆమె వినలేదు. తాళంచెవి లాక్కుని, తలుపు తీసి, పొయ్యి ఆర్పి, మేడ మీదికి పరుగెత్తింది. ఓతకార్ దగ్గుతూ నవ్వడానికి చూస్తున్నాడు. ఆమె మంచం మీద కూలబడింది.

"ఇంటి కంచెలో ఆ దిక్కుమాలిన డబ్బా ఎందుకు పెట్టావ్?"

అతను కిటికీ వైపు తిరిగాడు. "పడి ఇన్నాళ్ళయింది, ఒక్కడైనా చూడ్డానికొచ్చాడా? మంచాన పడ్డోడి కోసం ఎవరూ రారు లిబుషె. డబ్బా ఉందంటే వస్తారు. వెతుక్కుంటుంటే పైనుంచి చూస్తుంటా."

"నాకు చెప్పి చావచ్చుగా?"

"నువ్వు ముడ్లవి. తీసి చెత్తలో పడేస్తావ్."

పడేసేదే. ఆమెకు ఏడుపొచ్చింది, దానిమీద మళ్ళీ కోపమొచ్చింది. లేచి కిందికి వెళ్ళి, మాడిన అడుగు వదిలేసి పైన ఉన్నదాన్ని నాలుగు పళ్ళాల్లో పెట్టింది. వీధిలో బిక్కముఖాలు వేసుకుని నిలబడ్డవాళ్ళిద్దరినీ కేకేసింది. "నిలబడ్డది చాలు, రండి! ఈయనకు బాతులు కావాలట!"

తర్వాతి వారం ఒక పెద్దమనిషి రెండో స్తంభం దగ్గర వంగి బూటు తాళ్ళు కట్టుకుంటున్నాడు. లిబుషె చిక్కుడు పాదు దగ్గరినుంచి అరిచింది.

"అక్కడ కాదయ్యా, ఉత్తరాల పెట్టె కింద!"

"చెప్పెయ్యకూడదే ముడ్లా!" పైనుంచి ఓతకార్ నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "ఆటంతా పాడు చేశావ్!"

"నోర్ముయ్!" అని, ఆమె పెద్దమనిషి వైపు తిరిగింది. "దొరికిందిగా? ఇక పైకొచ్చి మా ఆయనతో కాఫీ తాగి వెళ్ళు. ఆ బూట్లు మాత్రం గుమ్మంలో విప్పి రా."

పాపం, కట్టుకున్న తాళ్ళు మళ్ళీ విప్పుకున్నాడాయన.