అంకయ్య గుర్తు పెట్టని గది

బెల్లంపల్లి క్వార్టర్లలో అంకయ్య ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడ పుణ్యమా అని ఆయన దగ్గు, గొణుగుడు, ఇంట్లోవాళ్ళ మీద వేసే కేకలు అన్నీ నా చెవిన పడేవి. ఆయనంటే నాకు పడేది కాదు, ఇప్పటికీ పడదు. చనిపోయిన మనిషిని ఆడిపోసుకుంటున్నానని మా ఆవిడ అనసూర్య కోప్పడుతుంది. కోప్పడనీ. అంకయ్య ఎలా బతికాడో అలాగే చెబుతాను.

గనిలో ఆయన సర్దారు పని చేసేవాడు. కూలీలు పనిలోకి దిగే ముందు సర్దారు ఒక్కడే లోపలికి వెళ్ళి, పొడుగాటి కర్రతో బొగ్గు కప్పును కొట్టి చెవి పెట్టి వినాలి. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు. డొల్లగా మోగితే ఆ చోటికి ఎవరినీ రానివ్వకూడదు. గట్టిగా ఉన్నచోట గోడ మీద సుద్దతో తన గుర్తు పెడతాడు. అంకయ్య గుర్తు ఒక సున్నా, దానికి అడ్డంగా ఒక గీత. ఆ గుర్తు కనబడితే ఎవరైనా నోరెత్తకుండా లోపలికి పోవలసిందే. లేకపోతే దొర వచ్చి అరిచినా కదలనక్కరలేదు. గుర్తు పెట్టినవాడిదే పూచీ, చెరపాలన్నా అతనే చెరపాలి. ఈ పద్ధతితో నాకు తగాదా లేదు, నిజానికి చాలా మంచి పద్ధతి. గనిలోంచి బయటికొచ్చాక కూడా ఆ కర్రను వదలకపోవడమే నా తగాదా అంతా.

పెళ్ళికి పిలిస్తే తాళి కట్టే వేళకు పందిరి గుంజలు కొట్టి చూసేవాడు. మంగలి కొట్టుకు పోతే కుర్చీలో కూర్చునే ముందు కప్పు కొట్టేవాడు. మేం ఈ క్వార్టర్‌లో దిగిన రోజే పిలవకుండా లోపలికొచ్చి, మా మంచానికి పైనున్న ఇంటికప్పును కర్రతో పొడిచి, "డొల్ల" అని ఒక్క మాటనేసి వెళ్ళిపోయాడు. అప్పటికి అనసూర్య నిండు నెలల మనిషి. ఆ మాట పట్టుకుని కాన్పు అయ్యేదాకా వాకిట్లోనే పడుకుంది. ఆ కప్పు నుంచి ఇప్పటిదాకా ఒక పెచ్చు కూడా రాలలేదు.

బయటివాళ్ళమే ఇంత పడితే ఇంట్లోవాళ్ళ సంగతి చెప్పాలా? భార్య దుర్గవ్వ ఎప్పుడో నోరు కట్టేసుకుంది. కొడుకు హనుమండ్లుకు "సరె బాపు" తప్ప వేరే మాట రాదు. ఎదురు చెప్పేది కోడలు ఎల్లక్క ఒక్కతే. పొయ్యి ఎక్కడ పెట్టాలో, ఉట్టి ఎక్కడ కట్టాలో అన్నిటికీ మామ కర్ర తీర్పు చెబుతుంటే ఆమెకు ఒళ్ళు మండిపోయేది. గోడ దగ్గరికొచ్చి అనసూర్యతో కడుపులోదంతా కక్కేది. నాకు తెలిసిన సంగతులన్నీ అలా తెలిసినవే.

ఎల్లక్కకు ఒక కోరిక ఉండేది. పెద్ద రాట్నం ఎక్కాలి. నగల ఊసు, చీరల ఊసు ఏనాడూ ఎత్తలేదు. "మావోళ్ళందరు భూమి కిందికి దిగుడే దిగుడు. నేను ఒక్కపారి మీదికెక్కి ఊరు జూడాలె వదినా" అనేది. కరీంనగర్‌లో నుమాయిష్, అదే ఎగ్జిబిషన్, పెట్టారని, మేడకన్నా ఎత్తు రాట్నం తెచ్చారని తెలిసిన రోజు నుంచి ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. హనుమండ్లు సెలవు పెట్టాడు. అత్తామామలను కూడా తీసుకుపోదామన్నది ఎల్లక్కే. "ముసలోళ్ళను ఇడిసిపోతె నలుగురు మొఖాన ఉమ్ముతరు" అంది. ఆ ఒక్క మర్యాద ఆమె కొంప ముంచింది.

ఎక్కడ దిగాలో చెప్పింది నేనే. నేను గని బడిలో పంతుల్ని. టీచర్ల శిక్షణకు కరీంనగర్ పోయినప్పుడు మైదానానికి ఎదురుగా ఒక లాడ్జి చూశాను. పైన గది తీసుకుంటే కిటికీలోంచే నుమాయిష్ అంతా కనిపిస్తుంది, దుర్గవ్వ కాళ్ళనొప్పులతో తిరగలేకపోయినా మంచం మీద కూర్చునే చూడొచ్చు. ఎల్లక్క ఆ మాట విని తెగ సంబరపడింది.

పెద్దపల్లి దాకా రైలు, అక్కడినుంచి బస్సు. బస్సు దిగీ దిగగానే అంకయ్య పెత్తనం మొదలైంది. బస్టాండు పక్కనున్న లాడ్జిలోకి నడిచాడు. అక్కడ చెక్కల కప్పు. చెక్కను కొడితే డొల్లగా మోగక మరేం చేస్తుంది? "గిది వద్దు" అన్నాడు. తర్వాత ధర్మశాల. దూలంలో వెంట్రుకంత పగులు కనిపించింది. "గిదీ వద్దు." దుర్గవ్వ కాళ్ళీడ్చుకుంటూ నడుస్తోంది. హనుమండ్లు మూట మోస్తూ వెనకాల వస్తున్నాడు. పొద్దు వాలిపోతోంది. మైదానం వైపు నుంచి పాటలు, జనం కేకలు వినిపిస్తుంటే ఎల్లక్క పళ్ళు కొరుక్కుంటూ నడిచింది.

చివరికి నేను చెప్పిన లాడ్జికి వచ్చారు. లాడ్జి యజమాని ముష్తాక్ పై గది తాళం తీశాడు. కిటికీ నిండా రాట్నం! దుర్గవ్వ ముఖం కూడా విప్పారింది. తోవలో నీళ్ళు ఒలికి తడిసిన ఎర్ర చీరను కిటికీ ఊచలకు ఆరేసి, మంచం మీద కూలబడింది. అంకయ్య మాత్రం గడప దాటలేదు. అక్కడినుంచే కర్ర చాచి కప్పును గట్టిగా పొడిచాడు. సున్నం పెచ్చులు జలజలా పరుపు మీద రాలాయి.

"అరె పెద్దాయనా, క్యా కర్రె? రూం జూడుమంటె ఇల్లు కూలగొడుతున్నవా?" ముష్తాక్ మీదికొచ్చాడు.

"డొల్ల" అన్నాడు అంకయ్య.

"నా లాడ్జిల పెద్ద పెద్ద ఆఫీసర్లు పండుకుంటరు. ఎవ్వడు కట్టె పట్టుకొని రాలే. ఉంటె ఉండుండ్రి, లేకుంటె నడువుండ్రి!"

"నడువుండ్రి. ఆఖరి బస్సుకు వాపసు పోదాం. గిసొంటి కప్పు కింద నా మనుషులను పండనియ్య" అన్నాడు అంకయ్య.

"సరె బాపు" అన్నాడు హనుమండ్లు, మళ్ళీ మూట ఎత్తుకుంటూ.

ఎల్లక్క మొగుడి వైపు చూసింది. కిటికీలో రాట్నం వైపు చూసింది. తర్వాత మా క్వార్టర్ల వరసలో ఎవరూ చెయ్యని పని చేసింది. మామ చేతిలోంచి కర్ర లాక్కుంది.

"మామా, నువ్వు కొట్టిన కప్పులు జాలు. గీ కప్పు నేను జూస్త."

మంచమెక్కి నాలుగు మూలలా కొట్టింది. ఖంగుమందో, డొల్లగా మోగిందో ఆమెకేమీ తెలియలేదట. అంత కోపంలో ఎవరికి మాత్రం తెలుస్తుంది! దిగివచ్చి అంకయ్య అంగీ జేబులో చెయ్యి పెట్టి సుద్దముక్క బయటికి తీసింది. గనిలో పని లేకపోయినా ఆ ముక్క లేనిదే ఆయన గడప దాటడు. తలుపు పక్క గోడ మీద ఒక సున్నా గీసి, మధ్యలో నుదుట బొట్టు పెట్టినట్టు చుక్క పెట్టింది.

"జూసిన. గట్టిగున్నది. గుర్తు వెట్టిన. ఇగ నోరెత్తకుండ లోపలికి రా."

ముష్తాక్‌కు ఏమీ అర్థం కాలేదు. హనుమండ్లుకు అర్థమైంది, మూటతో రెండడుగులు వెనక్కి వేశాడు. అంకయ్య వంగి ఆ సున్నాను పరీక్షగా చూశాడు.

"పూచీ?" అన్నాడు.

"నాదే."

ముసలాయన చెప్పులు విడిచాడు. గది లోపలికొచ్చి, పెచ్చులు దులుపుకుని, మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. ఎల్లక్క గెలిచిందనే నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

"నేను గీడ కూసుండి జూస్త, నువ్వు పోయిరా బిడ్డా" అంది దుర్గవ్వ. మొగుడూ పెళ్ళాలు నుమాయిష్‌కు పోయారు.

రాట్నం తొట్టిలో కూర్చుని ఎల్లక్క చిన్నపిల్లలా నవ్విందట. తొట్టి కదిలింది. మిఠాయి దుకాణాల తడికెలు కిందికి జారాయి, జనం తలలు జారాయి, దీపాల తీగలు జారాయి. పైకి చేరేసరికి కడుపులో చల్లగాలి పోసినట్టయింది. ఊరు చూద్దామని తల తిప్పింది. మొదట కనిపించింది ఎదుటి లాడ్జి. కిటికీకి అత్త ఎర్ర చీర వేలాడుతోంది. నుమాయిష్ దీపాల వెలుగు లాడ్జి డాబా మీద పడుతోంది. ఆ చీరకు సరిగ్గా పైన, ఆ గది నెత్తిన, ఇటుకలు నిలువెత్తు పేర్చి ఉన్నాయి. పక్కనే ఇసుక కుప్ప. ముష్తాక్ సేఠ్ పైన ఇంకో అంతస్తు లేపుతున్నాడు.

"ఆపుండ్రి! దించుండ్రి!" అని అరిచింది. రాట్నం తిప్పేవాడు భయపడిందనుకుని నవ్వి ఇంకా జోరుగా తిప్పాడు. పక్క తొట్టిలోవాళ్ళూ నవ్వారు. పైకి పోయినప్పుడల్లా ఇటుకలే. కరీంనగర్‌లో చెరువుందో గుట్ట ఉందో ఆమె చూడనేలేదు. తన సున్నా నమ్ముకుని ఆ కప్పు కింద ఇద్దరు ముసలివాళ్ళున్నారు. అదొక్కటే బుర్రలో తిరిగింది. తొట్టి నేలకు ఆనీ ఆనకముందే దూకి, ఒక కాలి చెప్పు అక్కడే వదిలేసి పరుగెత్తింది.

దుర్గవ్వ కిటికీ దగ్గర కునుకు తీస్తోంది. అంకయ్య అలాగే వెల్లకిలా, కప్పు మీదే కళ్ళు పెట్టి పడుకున్నాడు.

"లెవ్వు మామా! మీద ఇటుకలు పేర్చిన్రు. బయటికి నడువు!"

ఆయన కదలలేదు. "గుర్తున్నది గదా" అన్నాడు.

"గుర్తుంటె ఏంది? నేను జెప్తున్న గదా, లెవ్వు!"

"వెట్టినోళ్ళే చెరపాలె. అది ఉన్నంతసేపు నేను లెవ్వ."

ఇదిగో, దీన్నే నేను క్షమించలేను. లేచి రెండు అడుగులు వేస్తే అయిపోయేది. కోడలి చేత ఆ సున్నా తుడిపించడానికి, తన ప్రాణం, పెళ్ళాం ప్రాణం కూడా ఇటుకల కింద పెట్టాడా మనిషి. మొండితనానికైనా ఒక హద్దుండాలి. ఎల్లక్క కోపంతో ఏడుస్తూ కొంగుతో గోడ తుడిచింది. చుక్క కూడా పోయేదాకా తుడిచింది. అప్పుడు లేచాడు. చెప్పులు వేసుకుని, కర్ర తీసుకుని, ముందు నడిచాడు.

బస్టాండు ఆవరణలో ఆకాశం కింద పడుకున్నారు. మొదటి బస్సుకు తిరుగుముఖం పట్టారు. ఎల్లక్క ఒక కాలికే చెప్పుతో ఇంటికొచ్చింది.

ఇంతా చేసి ఆ కప్పుకు ఏమైనా అయిందా? ఏమీ కాలేదు. రెండేళ్ళ తర్వాత పనిబడి వెళ్ళి నా కళ్ళారా చూశాను. పైన ఇంకో అంతస్తు లేచి, రంగులేసుకుని, లాడ్జి దిట్టంగా నిలబడి ఉంది. తిరిగిరాగానే గోడ మీదుగా అంకయ్యతో ఆ మాట అన్నాను. ఇన్నాళ్ళకు దొరికాడని నాకు లోలోపల సంతోషంగా ఉంది.

"ఇయ్యాలటికైతె గట్టిగున్నట్టే" అన్నాడు. సుపారీ నములుతూ లోపలికి పోయాడు.

ఆ ఎండాకాలమే అంకయ్య చనిపోయాడు. ఇక ఆ కర్ర పీడ విరగడైందనుకున్నాను. మరుసటి ఏడు కరీంనగర్‌లో మళ్ళీ నుమాయిష్ పెట్టారు, మళ్ళీ రాట్నం వచ్చింది. అనసూర్యా నేనూ పోతున్నాం. ఎల్లక్కను పిలిచాను. అప్పటికి ఆమె చంకలో ఏడాది పిల్ల. ఇప్పుడు అడ్డం చెప్పేవాళ్ళెవరూ లేరు, కావలసినన్ని రౌండ్లు తిరగవచ్చు అన్నాను.

"నేను రాను సారూ. మీదికెక్కితె ఇండ్ల కప్పులే అగుపడుతయి" అంది.

పిల్లను పడుకోబెట్టాలని లోపలికి వెళ్ళింది. కాసేపటికి గోడ అవతల నుంచి కర్రతో కప్పు కొడుతున్న చప్పుడు వినిపించింది.