అప్‌డేట్ చేయరాదు

కరోనా సద్దుమణిగాక వచ్చిన మొదటి వానాకాలంలో నేను ఒక ప్రైవేటు డయాలసిస్ సంస్థలో సిస్టమ్స్ ఇన్‌చార్జిని. ప్రధాన కేంద్రం సూర్యాపేటలో ఉండేది. కోదాడ, మిర్యాలగూడల్లో శాఖలు. మూడుచోట్లా కంప్యూటర్ల బాధ్యత నాదే. రోగుల చికిత్స పత్రాలను సిబ్బంది బ్రౌజర్‌లో, అంటే ఇంటర్నెట్ పేజీలు చూసే మామూలు సాఫ్ట్‌వేర్‌లోనే తెరిచేవారు.

మిర్యాలగూడ శాఖలోకి మిల్లుల నుంచి ఉడికిన వడ్ల వాసన మెల్లగా వచ్చేది. యంత్రాల సన్నని హోరులో రోగులు సగం నిద్రలో తేలుతున్నట్టు పడుకునేవారు. టెక్నీషియన్ నర్సయ్య శనివారం శనివారం మానిటర్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కట్టేవాడు. నేను తెంపి పారేసి, యంత్రానికి దిష్టేమిటని ఉపన్యాసమిచ్చేవాణ్ణి.

ఆ మానిటర్ వెనక గోడ మీదే నా సంతకంతో ఒక కాగితం ఉండేది: "నన్ను అడగకుండా అప్‌డేట్ చేయరాదు." ఒకసారి బ్రౌజర్ అప్‌డేట్ అయ్యాక చికిత్స పత్రం ప్రింటులో అంచులు తెగిపోయాయి. ఆ రోజే మూడు కేంద్రాల్లోనూ అప్‌డేట్లు ఆపేశాను. నెలలు గడిచాయి. ఎవరూ నన్ను అడగలేదు.

ఒక ఉదయం నేను అక్కడ ఉండగానే నర్సు ఒకామె హుజూర్‌నగర్ బస్సు వేళల పేజీ తెరిచింది. దేన్నీ నొక్కలేదు. ఆ పేజీలోని ఒక ప్రకటన మాటున ఎవరో దాచిన కోడ్ మా పాత బ్రౌజర్‌లోని లోపం గుండా లోపలికి దూరింది. కాసేపటికే పత్రాలన్నిటికీ తాళం పడింది; డబ్బు కడితేనే తెరుస్తామన్న హెచ్చరిక తెర మీద కనిపించింది.

మిల్లులో పనిచేసే రాములమ్మ అప్పటికే మంచం మీద ఆయాసపడుతోంది. ఆమెకు ఏ మందు పడదో ఆ పత్రంలోనే ఉంది.

"ఏదో సూది పడదన్నరు సారు, పేరు నాకేమెర్క? జర జల్ది మిషను పెట్టున్రి, దమ్ము ఆడుతలేదు" అంది.

డాక్టరు ఆక్సిజన్ పెట్టించి, పత్రం చూడనిదే డయాలసిస్ మొదలుపెట్టనన్నారు.

అప్‌డేట్ లేని బ్రౌజరే కారణమని నేను చెప్పగానే నర్సయ్య గోడ మీది కాగితం చూశాడు. "నేను నిమ్మకాయ కడితే మూఢనమ్మకమంటిరి. మీరు గీ కాగితం అంటిస్తిరి. ఫరకేముంది సార్?"

నేను సూర్యాపేటకు ఫోన్ చేశాను. అక్కడ బీరువాలో విడిగా దాచిన నకలు డిస్కు తీయించి, రాములమ్మ పత్రాన్ని అక్కడి సిబ్బంది చేత ఫోన్‌లో డాక్టరుకు చదివించేసరికి గంటన్నర పట్టింది.

గొట్టాల్లో రక్తం కదిలింది. బయట వాన పట్టుకుంది. కొంతసేపటికి రాములమ్మ శ్వాస నెమ్మదించింది. ఆ ఎర్రని కదలికనే చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆమే కళ్లు తెరిచి, "నర్సయ్యా, సారును కూసోమను. గాయనకు గూడ మిషను పెట్టేటట్టున్నరు" అంది.

విచారణ నివేదికలో తప్పు నాదేనని రాశాను. బ్రౌజర్ తయారీదారులు ఒక లోపానికి అప్‌డేట్ రూపంలో మరమ్మతు విడుదల చేయగానే, లోపం ఎక్కడుందో దొంగలకూ తెలిసిపోతుంది. ఆపైన మనం వాయిదా వేసే ప్రతి రోజూ వాళ్లకు దొరికిన గడువు. అప్‌డేట్‌తో చిక్కులు వస్తాయి, నిజమే. అందుకే ముందు ఒక కంప్యూటర్‌లో పెట్టి, సరిచూసి, ఆ రోజే మిగతావాటిలోనూ పెట్టాలి. ఒక్క చెడ్డ అనుభవానికి జడిసి, కారణం వెతకకుండా నిషేధం పెట్టినవాడు హేతువాదినని చెప్పుకోకూడదు. నేను ఆ రోజు వరకు చెప్పుకున్నాను.