మేస్త్రి, ఆయన తోడల్లుడు, బీరు ఫ్యాక్టరీ మురుగు

నేను ఏడేళ్ళు అద్దెకున్న ఇంటి ఓనరు పైపుల మేస్త్రి. కింద ఆయనా భార్యా, మేడమీద రెండు గదుల్లో నేను. ముప్పయ్యేళ్ళుగా ఆ వీధిలో ఎవరింట్లో కుళాయి కారినా, ఎవరి దొడ్లో గొట్టం పూడుకుపోయినా ఆయన చెయ్యి పడాల్సిందే. మనిషి పొట్టి, మాట పెడసరం, పని మాత్రం నికార్సు. తన పేరు చెప్పి పిలిస్తే పలకడానికి ఒక క్షణం పట్టేది. మేస్త్రీ అంటే చాలు, పక్కవీధిలోంచైనా వచ్చేవాడు.

నేను చేరిన నాలుగో ఏడు ఆయన తోడల్లుడు ఎదురిల్లు కొనుక్కుని వచ్చాడు. మేస్త్రి భార్య చెల్లెలి మొగుడు. నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పనిచేసి రిటైరైన మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, మెత్తటి గొంతు. నెల తిరక్కుండానే వీధంతా ఆయన్ని ‘సారు’ అనడం మొదలుపెట్టింది. మేస్త్రికి ముప్పయ్యేళ్ళు పట్టిన మర్యాద ఆయనకి ముప్పై రోజుల్లో వచ్చేసింది.

మేస్త్రి కడుపుమంట అక్కడ మొదలైంది. సారు వస్తే మేస్త్రి భార్య అద్దాల బీరువాలోంచి పూల కప్పులు తీసేది. మొగుడికి మాత్రం అంచు విరిగిన పాత కప్పే. ఒకసారి వాళ్ళింట్లోనే వంటగది గోడ చెమ్మగిల్లింది. ఆవిడ గుమ్మంలో నిలబడి వీధికి అడ్డంగా కేకేసింది.

“మరిదిగారూ, మా గోడలోకి నీళ్ళు ఎందుకొస్తున్నాయో ఒకసారి చూసి పెడతారా?”

రెంచి చేతిలో పట్టుకుని పక్కనే ఉన్నాడు మేస్త్రి. ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని నాతో అన్నాడు.

“పెరటి చెట్టు మందుకి పనికిరాదు టీచరుగారూ. నేను ఈ ఇంటికి పెరటి చెట్టుని.”

బీరు ఫ్యాక్టరీ మా వీధి ఎగువన ఉంది. ఉడికిన గింజల వాసన తెల్లారగట్లే కిటికీల్లోంచి వచ్చేది. దానికి అందరం అలవాటు పడ్డాం. వాళ్ళ పీపాలు, తొట్లు కడిగిన నీళ్ళని రోజూ ట్యాంకర్లు మోసుకుపోయేవి. ఒకరోజు గేటుకి నోటీసు అంటించారు. ఇకమీద ఆ మురుగునీటిని బయటికి పంపరట. ఆవరణలోనే ప్లాంటు కట్టి, శుద్ధి చేసి, మునిసిపాలిటీ కాలువలోకి వదులుతారట. ఇరవయ్యో రోజున సభ. రాతపూర్వకమైన అభ్యంతరాలకి ముప్పై రోజుల గడువు.

వీధి భగ్గుమంది. పులిసిన మడ్డి కంపు కొడుతుందని ఒకరు, మురుగులోకి గాలి కొట్టే మిషన్ల రొదకి పిల్లలు చదువుకోలేరని ఒకరు, దోమలని ఒకరు. అందరికంటే ఎక్కువ భయపడింది దర్జీ ఆవిడ. ఆమె ఇల్లు వీధిలో అన్నిటికంటే పల్లంలో ఉంది. ముందుగదే కుట్టుకొట్టు. ఇప్పటికే గట్టి వాన పడితే వాకిట్లో మురుగు చాంబరు ఎగదన్నేది. మొదటి సమావేశం ఆ ముందుగదిలోనే పెట్టుకున్నాం. ఎవరేమన్నారో రాసే పని నాకిచ్చారు.

మేస్త్రి అందరికంటే ముందొచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. మురుగు మాట వచ్చింది కాబట్టి మొదట తననే అడుగుతారని ఆయన నమ్మకం. గొంతు సవరించుకుని లేచాడు కూడా.

“ఒక్క నిమిషం మేస్త్రిగారూ, సారుని రానివ్వండి” అంది దర్జీ ఆవిడ.

కూర్చున్నాడు. సారు పది నిమిషాలు ఆలస్యంగా, తెల్ల అట్ట ఫైలుతో వచ్చాడు. శుద్ధి ప్లాంటు అంటే ఏమిటో, ఏ తొట్టిలో ఏం జరుగుతుందో బడిపిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. అందరూ తలలూపారు. అక్కడికక్కడే ఆయన్ని కమిటీకి పెద్దని చేశారు. అదే ఊపులో దర్జీ ఆవిడ వెనక్కి తిరిగింది.

“మేస్త్రిగారూ, ఎటూ వచ్చారు కదా, మా వెనక కుళాయి ఆగకుండా కారుతోంది. కాస్త చూస్తారా?”

ఆ గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటేనే ఆయనకి బాగుండేదేమో. లేచి వెళ్ళి కుళాయి బాగుచేశాడు. లోపల చప్పట్లు వినిపించినప్పుడు వాషరు బిగిస్తున్నానని తర్వాత నాకు చెప్పాడు.

ఫ్యాక్టరీ ఇచ్చిన ప్లాను కాగితం చేతులు మారి చివరికి మేస్త్రి దగ్గరికొచ్చింది. దాన్ని చూడగానే ఆయన మొహం మారింది. పెద్ద గొయ్యి తవ్వుతామన్న చోటు ఆవరణకి తూర్పు మూల. ఆ నేల కింద పాత ఇటుక కాలువ ఒకటుంది. సిమెంటు గొట్టాలు వేశాక మునిసిపాలిటీ వాళ్ళు దాన్ని మరిచిపోయారు, మ్యాపుల్లోంచి కూడా తీసేశారు. నీళ్ళు మాత్రం మరిచిపోలేదు. ఎగువ వాననీళ్ళు సగం ఇప్పటికీ దాంట్లోంచే పోతున్నాయి. ఇరవై రెండేళ్ళ కిందట అది ఒకచోట కూలితే మోకాళ్ళ మీద పాకుతూ లోపలికి వెళ్ళి ఇటుక కట్టి వచ్చింది మేస్త్రే. అప్పుడు పనిలో ఉన్నవాళ్ళలో ఈయనొక్కడే మిగిలాడు. అక్కడ గొయ్యి తవ్వితే కాలువ కూలుతుంది. కూలితే వాననీళ్ళూ ఫ్యాక్టరీ మురుగూ కలిసి పల్లానికే వస్తాయి. అంటే మా వీధికి, ముందుగా దర్జీ ఆవిడ గదిలోకి.

ఆ కాగితం మడిచి పక్కవాడికి ఇచ్చేశాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మూడోనాడు సారే ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాడు. నేను మెట్ల దగ్గర బట్టలు ఆరేస్తున్నాను.

“అన్నయ్యగారూ, నీళ్ళలో ఏముందో చెప్పమంటే చెప్తాను గానీ నేల లోపలి సంగతి నాకు తెలీదు. ఆ స్థలంలో తవ్వితే ఇబ్బందేమైనా ఉంటుందా? ఈ వీధిలో మీకంటే తెలిసినవాళ్ళెవరు?”

ఇంతకాలం ఎవరి నోట వినాలనుకున్నాడో ఆ మాట సారు నోట వచ్చింది. అది వినగానే మేస్త్రి ఒళ్ళు ఇంకా మండింది.

“నాకేం తెలుసు తమ్ముడూ? కుళాయిలు బిగించుకునేవాణ్ణి. పెద్ద పెద్ద విషయాలు మీలాంటివాళ్ళకి.”

సారు వీధి దాటి వెళ్ళిపోయాడు.

మేస్త్రి లెక్క ఒకటే. సభలో ఫ్యాక్టరీ ఇంజనీరు నేల గురించి అడ్డు ప్రశ్న వేస్తే సారు నీళ్ళు నమలాలి. అది తను కళ్ళారా చూడాలి. ఆ తర్వాత సంగతి తర్వాత. ఆ రోజుల్లో ఆయన హుషారు చూసి భార్యే ఆశ్చర్యపోయింది. అన్నం రెండోసారి అడిగి పెట్టించుకునేవాడు.

సభ మునిసిపాలిటీ హాల్లో జరిగింది. ఫ్యాక్టరీ తరఫున ఒక ఇంజనీరమ్మ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, తొణక్కుండా మాట్లాడే మనిషి. వాసన గురించి అడిగితే జవాబు, రొద గురించి అడిగితే జవాబు. మేస్త్రి వెనక వరసలో ముందుకి వంగి కూర్చున్నాడు. సారు తడబడలేదు. తొట్లకి మూతలు పెట్టి తీరాలన్నాడు, గాలి మిషన్లని గదిలో బిగించాలన్నాడు, నెలకోసారి నీళ్ళ పరీక్ష ఫలితాలు గేటుకి అంటించాలన్నాడు. వాదించి వాదించి మూడింటికీ ఒప్పించాడు. హాలంతా చప్పట్లు. మేస్త్రి భార్య అందరికంటే గట్టిగా కొట్టింది.

“మా మరిది” అని పక్కావిడతో చెప్పుకుంది.

నేల లోపలి సంగతి ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. మేస్త్రి ఇంటికి నడిచే వచ్చాడు, ఒక్కడే.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే కుండపోత వాన. దర్జీ ఆవిడ వాకిట్లో చాంబరు పొంగింది. కబురు రాగానే మేస్త్రి వెదురుబద్దలు భుజాన వేసుకుని వెళ్ళాడు. ఆమె గుడ్డల మూటలన్నీ బల్ల మీదికెత్తి, కుట్టుమిషను కాళ్ళ కింద ఇటుకలు పెడుతోంది. గంటసేపు మోకాటి లోతు మురుగులో నిలబడి పూడిక లాగాడు. నీళ్ళు తీశాయి. ఆమె గుమ్మంలో కూలబడి నిట్టూర్చింది.

“ఇప్పుడే ఇలా ఉంటే ఆ ప్లాంటు కట్టాక ఇంకెలా ఉంటుందో. పోన్లెండి, సారున్నారు. ఆయన చూసుకుంటారు.”

ఆమె వాకిట్లోంచి మురుగు తోడిన చేతులు ఇంకా కడుక్కోలేదు మేస్త్రి. “నాకు ఆవిడ మీద కోపం రావాలి కదా టీచరుగారూ?” అన్నాడు నాతో తర్వాతెప్పుడో. “రాలేదు. బల్ల మీద మూటలు చూశాను. ఎవరెవరి బట్టలో, ఏ కొలతలు ఎవరివో చీటీలు గుచ్చి ఉన్నాయి. ఇదంతా నేను నోరు మూసుకున్నందుకు మునిగేది కదా అనిపించి సిగ్గేసింది. సిగ్గుతో పాటు, ఇది సారుకి చెప్తే పేరు వాడికే పోతుందనీ అనిపించింది. రెండూ ఒకేసారి.”

అందుకని ఆయన కమిటీ దగ్గరికి వెళ్ళలేదు. ఆ బురద కాళ్ళతోనే నేరుగా ఫ్యాక్టరీ గేటుకి వెళ్ళాడు. కాపలావాడు ఆపితే ఇంజనీరమ్మని పిలిస్తే గానీ కదలనని వానలో నిలబడ్డాడు. ఆమె గొడుగేసుకుని వచ్చింది. మేస్త్రి తూర్పు మూలకి తీసుకెళ్ళి, అడుగులు కొలిచి, మడమతో నేల మీద గీత గీశాడు.

“ఇక్కడ తవ్వించండి. ఆరడుగులు దిగేలోపు ఇటుక తగలకపోతే నన్నడగండి.”

మర్నాడు తవ్వించారు. అయిదున్నర అడుగులకే ఇటుక తగిలింది. ఆమె అక్కణ్ణుంచి మేస్త్రిని వదల్లేదు. నాలుగు రోజులు కాలువ ఎటు పోతోందో గుర్తులు పెట్టించుకుంది. ఫ్యాక్టరీవాళ్ళ పసుపు హెల్మెట్టు పెట్టుకుని ఆవరణలో తిరుగుతున్న మేస్త్రిని వీధి వీధంతా చూసింది.

ఇంకేముంది, మేస్త్రి అటు తిరిగిపోయాడన్నారు. దర్జీ ఆవిడ ఎదురుపడితే మొహం తిప్పుకుంది. భార్య రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు కంచం పెడుతూ అడిగింది.

“మా చెల్లెలి మొగుడి మీద ఓర్వలేక శత్రువుల్లో కలిశారా?”

“ఓర్వలేకే” అన్నాడు మేస్త్రి. ఆవిడకి అది వెటకారంగా వినిపించింది. నిజానికి అంత నిజం ఆయన అదివరకెప్పుడూ చెప్పలేదు.

గడువు ఇంకా రెండు రోజులుందనగా ఇంజనీరమ్మ కొత్త ప్లానుతో దర్జీ ఆవిడ ముందుగదికే వచ్చింది. అందరం చేరాం. ప్లాంటుని తూర్పు మూల నుంచి పడమటి గోడ పక్కకి మార్చారు. పాత కాలువని ముట్టుకోకుండా పైనుంచి వాననీళ్ళకి ఒక కొత్త గొట్టం లైను ఫ్యాక్టరీవాళ్ళే వేస్తారట. దాంతో వీధిలోకి వాననీళ్ళు ఎగదన్నడం కూడా తగ్గుతుందట.

“ఇదంతా మీ మేస్త్రిగారి వల్లే. ఆయన చెప్పకపోతే ఆ కాలువని మేం పగలగొట్టేవాళ్ళం” అంది.

మేస్త్రి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అందరి తలలూ ఒక్కసారి ఆయన వైపు తిరిగాయి. ఇరవై రోజులుగా ఎదురుచూసిన క్షణం. కానీ వెనకనుంచి ఎవరో ఉండబట్టలేక అననే అన్నారు.

“మరి మనకి చెప్పకుండా వాళ్ళకెందుకు చెప్పాడు?”

మేస్త్రి దగ్గర ఉన్న ఒక్క జవాబూ నలుగురిలో చెప్పుకునేది కాదు. అప్పుడు సారు లేచాడు.

“నేనే అడిగాను. నేల సంగతి కనుక్కోమని అన్నయ్యగారిని మొదట్లోనే అడిగాను. ఖాయం కానిదే బయటపెట్టకూడదని ఆయన ఊరుకున్నారు. అంతే.”

గదిలో బిగువు సడలింది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. “సారు ముందుచూపు, మేస్త్రి పనితనం” అంది దర్జీ ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ. మేస్త్రి భార్య ముందు మరిదిని, తర్వాత మొగుణ్ణి మెచ్చుకోలుగా చూసింది. ఆ వరస కూడా ఆయన దృష్టి దాటిపోలేదు. కాదంటే నిజం చెప్పాలి. తన పరువు కాపాడిన అబద్ధమే, తనొక్కడిదే అయిన పనిలోంచి సగం కోసుకుపోయింది.

వీధిలోకి రాగానే సారుని ఆపాడు. నేను వెనకే ఉన్నాను.

“నువ్వడిగావు. నేను తెలీదన్నాను. నువ్వు నన్ను ఎక్కడికీ పంపలేదు.”

“లేదు అన్నయ్యగారూ.”

“తెలిసే చెప్పలేదు. నువ్వంటే కుళ్ళు నాకు. నువ్వు నలుగురిలో తెల్లమొహం వెయ్యాలని చూశాను.”

సారు పెన్నులు సర్దుకున్నాడు. “ఆ రోజు మీ గుమ్మంలోనే అర్థమైంది. ఇంకోసారి అడిగితే ఇంకా బిగుసుకుంటారని అడగలేదు. అది నా తప్పే. వాన రాకపోతే ఏమయ్యేదో.”

కోపగించుకుంటే మేస్త్రికి తేలికయ్యేది. సారు కోపగించుకోలేదు. ఇద్దరూ ఎవరి గుమ్మంలోకి వాళ్ళు వెళ్ళారు.

ప్లాంటు ఎనిమిది నెలలకి తయారైంది. మొదటి నెల కాస్త కంపు కొట్టింది. సారు గేటు దగ్గర నిలబడి మూతలు సరిగ్గా బిగించే దాకా వదల్లేదు. తర్వాత దర్జీ ఆవిడ మిషను కింద ఇటుకలు తీసేసింది.

మునిసిపాలిటీవాళ్ళకి బుద్ధొచ్చి వీధి కింద ఉన్న గొట్టాలన్నిటికీ కొత్త మ్యాపు కావాలన్నారు. మేస్త్రికి తెలుసు గానీ గీయడం రాదు. సారుకి చేతిరాత బాగుంటుంది గానీ కింద ఏముందో తెలీదు. రెండు వారాల పాటు ప్రతి మధ్యాహ్నం ఇద్దరూ కింది గదిలో కాగితం పరుచుకుని కూర్చున్నారు. ఆయన చెప్పడం, ఈయన గీయడం. ఇద్దరికీ పూల కప్పులే బల్ల మీదికొచ్చాయి. సారు కప్పులో భార్య టీ ఎక్కువ పోసిందేమోనని మేస్త్రి ఒకటికి రెండుసార్లు చూడటం నేను చూశాను.

ఆఖరి రోజు మ్యాపు కింద మూలలో తయారుచేసినవారి పేరు రాయాలి. మేస్త్రి పెన్ను వంక చూస్తున్నాడు. ఇద్దరి పేర్లలో ఏది ముందు వస్తుందా అని. సారు మేస్త్రి పేరొక్కటే గుండ్రంగా రాసి, పెన్ను మూత పెట్టి, చొక్కా దులుపుకుని వెళ్ళిపోయాడు.

సారుని తప్పుపట్టడానికి ఏమీ మిగల్లేదు. మేస్త్రి ఆ కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఆ రోజంతా ఆయన మొహం మాడిపోయే ఉంది.