బొమ్మల మీటలకు నేనే సెలవిచ్చాను

యారాడలో చేపలమ్ముకునే నాకు యాభై దాటాక గానీ అక్షరాలు రాలేదు. పొరుగింటి కోడలు సాయంత్రాలు కూర్చోబెట్టి నేర్పింది. మధ్యలో మానేస్తే నవ్వుతారని మా అమ్మాయి జ్యోతికి కూడా చెప్పలేదు.

జ్యోతి మరికొందరితో కలిసి ఎవరైనా ఉచితంగా వాడుకునే సాఫ్ట్‌వేర్ రాస్తుంది. చదువొచ్చినవాళ్లు ఫోన్‌లో అక్షరాలు కొట్టి కబురు పంపితే, రానివాళ్లు బొమ్మలు నొక్కి పంపే ఏర్పాటు అందులో ఉంది. తర్వాత నోటితో చెబితే చాలనే కొత్త ఏర్పాటు వచ్చి, అందరూ దానికి మారారు. సముద్రం హోరులో నా మాట దానికి అందక నేను మాత్రం బొమ్మలు వదల్లేదు.

ఒక ఆదివారం మా ఇంట్లో జ్యోతి ల్యాప్‌టాప్‌లో వాళ్ల మీటింగ్ జరుగుతోంది.

"ఆ పాత బొమ్మల వల్ల కొత్త పనులన్నీ ఆగిపోతున్నాయి. ఇంకా ఎవరు వాడుతున్నారండీ?" అని ఒకాయన విసుక్కున్నాడు.

"మా అమ్మ వాడతంది. అది తీసేస్తే నేనూ మానేస్తాను," అంది జ్యోతి.

ఆ మాట విని లేచాను. వెళ్లి తెర ముందు నిలబడ్డాను.

"నా కోసం ఆపకండి బాబూ, నాను సదవగలను."

"ఏటమ్మా నువ్వు, ఊరుకో!" అంది జ్యోతి.

"అయితే తెర మీదున్నది చదవండమ్మా," అన్నాడాయన.

అంతమంది చూస్తుంటే అక్షరాలు అలికేసినట్టు కనిపించాయి. వేలు పెట్టి కూడబలుక్కున్నాను. "ఈ... పాత... ఏర్పాటును... తొలగించాలా?"

కింద 'అవును' అన్నచోట నేనే నొక్కాను.

అవతల ఒకటే చప్పట్లు. "ఎప్పుడు నేర్సీసావే దొంగా!" అంటూ జ్యోతి నన్ను వాటేసుకుంది.

పాతదాన్ని ఎప్పుడు తీసేయాలంటే, దాన్ని ఆనుకున్న మనిషి తన కాళ్ల మీద నిలబడ్డాకే అంటాను. ఆ రోజు అలా నిలబడింది నేనే.